కార్డ్‌లెస్ పవర్ టూల్స్ ఎంచుకోవడం ఎలా: మెషిన్ కంటే ముందు బ్యాటరీని చూడండి

ఒకప్పుడు నా దగ్గర నాలుగు కార్డ్‌లెస్ మెషిన్లు, నాలుగు రకాల ఛార్జర్లు ఉండేవి. అవసరం వచ్చినప్పుడల్లా ఏది చవకగా దొరికితే అది కొన్నాను. మూడేళ్లు తిరిగేసరికి మూడింటి బ్యాటరీలు పోయాయి. మెషిన్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. మోటారు తిరుగుతుంది, రంధ్రం వేసే బిట్‌ని పట్టుకునే చక్ బిగుస్తుంది, కానీ వాటికి పట్టే బ్యాటరీ మాత్రం దొరకదు. ఒకదానికి దొరికింది గానీ, దాని ధర దాదాపు కొత్త మెషిన్ ధరంత ఉంది. కార్డ్‌లెస్ టూల్ కొనడమంటే నిజానికి బ్యాటరీ కొనడమేనని నాకు అప్పుడు అర్థమైంది. మెషిన్లు ఈరోజు ఒకటి, రేపు ఇంకొకటి వచ్చి ఆ బ్యాటరీకి తోడవుతాయి. అందుకే ఈ మార్గదర్శిలో డ్రిల్ గురించి చెప్పే ముందు బ్యాటరీ గురించే చాలాసేపు మాట్లాడతాను. ఓపిగ్గా చదవండి, డబ్బు మిగిలేది అక్కడే.

మొదటి అడుగు: పనులు రాసుకోండి

షాపుకి వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. గత ఏడాది మీరు చేసిన పనులు, చేయాలనుకుని ఆగిపోయిన పనులు, వచ్చే ఏడాది తలపెట్టినవి అన్నీ రాయండి. ప్రతి పని పక్కన మూడు విషయాలు ఉండాలి. ఏ వస్తువు మీద చేస్తారు: చెక్కా, ఇనుమా, ఇటుక గోడా, కాంక్రీటా? ఆపకుండా ఎంతసేపు చేస్తారు? దగ్గర్లో ప్లగ్ పాయింట్ ఉంటుందా?

కొందరి జాబితా అంతా అల్మరా తలుపు బిగించడం, ఫ్రేమ్ తగిలించడం, విడి భాగాలుగా వచ్చిన ఫర్నిచర్ జోడించడం లాంటి పనులతోనే నిండిపోతుంది. ఇంకొందరు ప్లైవుడ్ షీట్లు కోసి బల్లలు, షెల్ఫులు చేస్తారు. ఇంకొందరికి ఇనుప పైపులు కోయడం, వెల్డింగ్ అతుకులు నున్నగా చేయడం ఉంటుంది. ఈ ముగ్గురికీ ఒకే మెషిన్ సరిపోదు. షాపులో ‘ఇది అన్నిటికీ పనికొస్తుంది’ అని చూపించే మెషిన్ చాలాసార్లు మొదటి వ్యక్తికి మోయలేని బరువవుతుంది, మూడో వ్యక్తికి చాలీచాలని బలంతో విసుగు పుట్టిస్తుంది.

ఆ మూడో ప్రశ్నను, అంటే ప్లగ్ గురించిన ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఒకేచోట నిలబడి గంటల తరబడి చేసే పనికి, పక్కనే ప్లగ్ ఉంటే, వైరు మెషినే మేలు. టేబుల్ సా, బెంచ్ గ్రైండర్, సిమెంట్ కలిపే మిక్సర్, చెక్కలో గాడులు తీయడానికి బల్ల కింద బిగించే రూటర్ లాంటివాటికి బ్యాటరీ పెట్టి సాధించేది పెద్దగా ఏమీ లేదు. నిచ్చెన ఎక్కాల్సిన చోట, పెరట్లో, డాబా మీద, అల్మరా లోపలి మూలల్లో, ఐదు నిమిషాల్లో ముగిసే పనుల్లో కార్డ్‌లెస్‌కి సాటి లేదు. జాబితాలో ఇలాంటి పనుల కింద గీత గీయండి. మీరు నిజంగా కొనాల్సినవి ఆ గీత చెబుతుంది.

రెండో అడుగు: వోల్టుల లెక్క తెలుసుకోండి

బ్యాటరీ ప్యాక్ లోపల ఉండేవి చిన్న చిన్న లిథియం అయాన్ సెల్స్. ఒక్కో సెల్ సగటు వోల్టేజీ 3.6, పూర్తిగా ఛార్జ్ చేసినప్పుడు దాదాపు 4.2. ఐదు సెల్స్‌ని వరుసగా కలిపితే 18 వోల్టులు. అదే ప్యాక్ నిండుగా ఉన్నప్పుడు కొలిస్తే 20 దాటుతుంది. అందుకే ఒక సంస్థ 18 వోల్ట్ అని, మరొకటి 20 వోల్ట్ మ్యాక్స్ అని రాస్తాయి. రెండిట్లోనూ వరుసగా ఉన్నవి ఐదు సెల్సే, రెండింటి బలం ఒకటే. 20 పెద్దదని దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. అలాగే 10.8 వోల్టులు, 12 వోల్ట్ మ్యాక్స్ ఒకటే, లోపల మూడు సెల్స్. 36, 40 మ్యాక్స్ కూడా ఒకటే, లోపల పది.

కొన్ని చవక మెషిన్ల మీద 48, 88 లాంటి పెద్ద అంకెలు కనిపిస్తాయి. ప్యాక్ తీసి చూస్తే లోపల అవే ఐదు సెల్స్ ఉంటాయి. డబ్బా మీద ఎంత రాసినా ఐదు సెల్స్ నుంచి 21 వోల్టులకు మించి రాదు.

ఇంటి పనులకు 12 వోల్టుల తరగతి తీసిపారేయాల్సింది కాదు. స్క్రూలు బిగించడానికి, చెక్కలో 6, 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయడానికి అది హాయిగా సరిపోతుంది. తేలిక, పొట్టి, ఇరుకు చోట్లలో దూరుతుంది. జాబితాలో ఇనుము కోసి నున్నగా చేసే గ్రైండర్, గుండ్రటి బ్లేడ్‌తో కోసే సర్క్యులర్ సా, కాంక్రీటు పని ఉంటే 18 వోల్టులకు వెళ్లండి. 36, 40 వోల్టుల తరగతి రోజంతా భారీ పనులు చేసేవాళ్లకు, చెట్లు కోసే రంపాలకు, గడ్డి కోసే మెషిన్లకు ఎక్కువగా పనికొస్తుంది. ఇంటి వర్క్‌షాప్‌కి 18 దగ్గర ఆగిపోతే నష్టమేమీ లేదు.

మూడో అడుగు: ప్యాక్ లోపల ఎన్ని సెల్స్ ఉన్నాయో చూడండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, షాపుల్లో దీని గురించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

ఆంపియర్ అవర్ అంటే బ్యాటరీలో ఎంత నిల్వ ఉందో చెప్పే కొలత. దాన్ని వోల్టులతో గుణిస్తే వాట్ అవర్ వస్తుంది, అసలు శక్తి అదే. 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో 36 వాట్ అవర్, 5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో 90 ఉంటాయి. వేర్వేరు వోల్టుల బ్యాటరీలను పోల్చాలంటే ఈ వాట్ అవర్‌తోనే పోల్చండి. 36 వోల్టుల 2.5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో ఉన్నదీ 90 వాట్ అవరే.

నిల్వ సంగతి అలా ఉంచండి. ఆ ప్యాక్ ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదనేది వేరే ప్రశ్న. గ్రైండర్ ఇనుములో దిగినప్పుడు 600 వాట్లు లాగిందనుకోండి. 18 వోల్టుల మీద అది దాదాపు 33 ఆంపియర్లు. చిన్న ప్యాక్‌లో ఐదు సెల్స్ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఆ 33 ఆంపియర్లూ ప్రతి సెల్‌లోంచి ప్రవహించాలి. పెద్ద ప్యాక్‌లో పది సెల్స్, రెండు వరుసలు. ఒక్కో వరుస మీద భారం సగానికి, అంటే 17 ఆంపియర్ల దగ్గరికి తగ్గుతుంది. సెల్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి భారం సగమైతే ఒక్కో సెల్ వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. చిన్న బ్యాటరీతో గ్రైండర్ రెండు నిమిషాల్లో ఆగిపోవడం, ముట్టుకుంటే కాలడం వెనకున్న కారణం ఇదే. మెషిన్ చెడిపోయిందని అనుకుంటాం. నిజానికి ఆ సెల్స్ వాటి తాహతుకు మించిన బరువు మోస్తుంటాయి.

ఇంకో సంగతి. అదే 600 వాట్లు ఆపకుండా లాగితే 90 వాట్ అవర్ ప్యాక్ 9 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గ్రైండర్ ఎక్కువగా వాడేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి. డ్రిల్‌తో మాత్రం అదే ప్యాక్ చాలాసార్లు రోజంతా వస్తుంది, ఎందుకంటే స్క్రూ బిగించే పని కొన్ని సెకన్లే.

సెల్స్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు సైజులు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. 21700 అంటే 21, 70. మొదటిదాని బరువు దాదాపు 45 నుంచి 48 గ్రాములు, రెండోదానిది 70 గ్రాముల దాకా. ఈ బరువులు గుర్తుంటే నకిలీ బ్యాటరీని చేతిలో పట్టుకునే పసిగట్టొచ్చు. 18650 సెల్ ఒక్కటి మామూలుగా 3.5 ఆంపియర్ అవర్ దాకా ఇస్తుంది, పవర్ టూల్స్‌లో వాడే రకం 2.5, 3 దగ్గరే ఉంటుంది. కాబట్టి 18 వోల్టుల 6 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో ఈ సైజువి కనీసం పది సెల్స్ ఉండాలి. పది సెల్స్ బరువే 450 గ్రాములు దాటుతుంది, డబ్బాతో కలిపి 600 పైమాటే. ‘6 ఆంపియర్ అవర్’ అని రాసిన ప్యాక్ 400 గ్రాములు తూగిందంటే, లోపల అంత సరుకు లేనట్టే.

మరి ఏ ప్యాక్ కొనాలి? రెండు బ్యాటరీలు పెట్టుకోండి. డ్రిల్, స్క్రూలను దెబ్బలతో బిగించే ఇంపాక్ట్ డ్రైవర్, లైట్ కోసం 2 ఆంపియర్ అవర్‌ది ఒకటి. అది తేలిక, చేయి నొప్పి పుట్టదు. గ్రైండర్, రంపాల కోసం 4 లేదా 5ది ఒకటి. రెండూ చిన్నవే ఉన్న సెట్, రెండూ పెద్దవే ఉన్న సెట్ కంటే ఇలా ఒక్కొక్కటి ఉండటమే నాకు నచ్చుతుంది.

ఛార్జర్‌ని కూడా చూడండి. సెట్‌తో వచ్చేది చాలాసార్లు నిదానంగా ఎక్కించే రకం. 2 ఆంపియర్ల ఛార్జర్‌తో 4 ఆంపియర్ అవర్ ప్యాక్ నిండటానికి రెండు గంటలు దాటుతుంది. రెండు బ్యాటరీలు ఉండి తీరిగ్గా చేసే పనైతే అది చాలు. ఒకే బ్యాటరీతో పనిచేయాలంటే మాత్రం వేగంగా ఎక్కించే ఛార్జర్ అవసరం.

నాలుగో అడుగు: ఏ బ్యాటరీ కుటుంబంలో చేరాలో నిర్ణయించుకోండి

ఒక సంస్థ బ్యాటరీ ఇంకో సంస్థ మెషిన్‌కి పట్టదు. ఇది చాలామందికి తెలుసు. ఒకే సంస్థలో కూడా రెండు మూడు కుటుంబాలు ఉంటాయని మాత్రం చాలామందికి తెలియదు. బాష్ ఆకుపచ్చ టూల్స్ ఇంటివాళ్లకు, నీలం టూల్స్ వృత్తివాళ్లకు. రెండూ 18 వోల్టులే అయినా ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి పట్టదు. మకీటాలో 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ వేరు, 40 వోల్టుల ఎక్స్‌జీటీ వేరు. డివాల్ట్ 2016లో తెచ్చిన ఫ్లెక్స్‌వోల్ట్ బ్యాటరీ మాత్రం పెద్ద 60 వోల్టుల మెషిన్లకూ, పాత 20 వోల్ట్ మ్యాక్స్ మెషిన్లకూ పనిచేసేలా తయారైంది. కొన్ని సంస్థలు కలిసి ఒకే బ్యాటరీ వాడుకునే కూటములూ వచ్చాయి. మెటాబో చుట్టూ సీఏఎస్, బాష్ నీలం టూల్స్ చుట్టూ ఆంప్‌షేర్ అలాంటివే. మీకు కావాల్సిన ప్రత్యేకమైన మెషిన్ ఏదైనా ఆ కూటమిలో ఉంటే అది మంచి లాభం.

నేనైతే కుటుంబాన్ని ఇలా తూకం వేస్తాను. ఆ బ్యాటరీ ఎన్నేళ్లుగా మార్కెట్‌లో ఉంది? మకీటా ఎల్‌ఎక్స్‌టీ 2005లో వచ్చి ఇప్పటికీ నడుస్తోంది. అలాంటి చరిత్ర ఉన్న కుటుంబంలో చేరితే పదేళ్ల తర్వాత బ్యాటరీ దొరుకుతుందన్న ధైర్యం ఉంటుంది. నా జాబితాలోని టూల్స్ అన్నీ ఆ కుటుంబంలో ఉన్నాయా? బ్యాటరీ లేకుండా మెషిన్ ఒక్కటే అమ్ముతారా? వీటిని బేర్ టూల్స్ అంటారు, రెండో మెషిన్ నుంచి అసలు పొదుపు వీటితోనే. నాకు అందుబాటులో సర్వీస్ సెంటర్ ఉందా? ఈ ప్రశ్నలన్నిటికీ సరైన జవాబు దొరికితే రంగు ఏదైనా, పేరు ఏదైనా ఫరవాలేదు. పేరున్న సంస్థల 18 వోల్టుల డ్రిల్స్ మధ్య ఇంటి పనిలో మీకు తెలిసేంత తేడా ఉండదు.

ఒక సంస్థ బ్యాటరీని మరో సంస్థ మెషిన్‌కి తగిలించే అడాప్టర్లు దొరుకుతాయి. వాటిని నేను వాడను, వాడమని ఎవరికీ చెప్పను. బ్యాటరీ, మెషిన్ ఒకదానితో ఒకటి వేడి గురించి, మిగిలిన ఛార్జ్ గురించి చెప్పుకోవడానికి ప్రత్యేకంగా టెర్మినల్స్, అంటే ఒకదానికొకటి తగిలే లోహపు కొనలు ఉంటాయి. కొన్ని వ్యవస్థల్లో బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా ఆపే సర్క్యూట్ ప్యాక్‌లో కాక మెషిన్‌లో ఉంటుంది. అలాంటి ప్యాక్‌ని అడాప్టర్‌తో వాడితే ఆపేవాళ్లు లేక సెల్స్ అడుగంటి పాడైపోతాయి.

ఐదో అడుగు: మోటారు

దీని గురించి కొద్దిగా చెబితే చాలు. పాత రకం మోటారులో కార్బన్ బ్రష్‌లు తిరిగే భాగాన్ని రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. ఆ రాపిడిలో వేడి, నిప్పురవ్వలు పుడతాయి, బ్రష్‌లు అరుగుతాయి. బ్రష్‌లెస్‌లో తిరిగే భాగం మీద అయస్కాంతాలు, చుట్టూ కాయిల్స్ ఉంటాయి. కరెంటును మార్చే పని ఒక ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. రాపిడి లేదు కాబట్టి అదే బ్యాటరీ మీద ఎక్కువ పని జరుగుతుంది, మెషిన్ పొట్టిగా ఉంటుంది. గ్రైండర్, సర్క్యులర్ సా కొంటే బ్రష్‌లెస్సే కొనండి. ఏడాదికి పదిసార్లు వాడే డ్రిల్ అయితే బ్రష్‌లది కూడా ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ మిగిలిన డబ్బు రెండో బ్యాటరీకి పెట్టండి.

ఆరో అడుగు: ఒక్కో టూల్‌నీ దాని పనితో సరిపోల్చండి

డ్రిల్ డ్రైవర్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే దాదాపు అందరి మొదటి మెషిన్ ఇదే. చక్ 10 మిల్లీమీటర్లదా, 13దా చూడండి. 18 వోల్టులైతే 13ది తీసుకోండి. గేర్లు రెండు ఉండాలి. ఒకటో గేరు నిమిషానికి దాదాపు 500 చుట్లు, బలం ఎక్కువ. స్క్రూలకు, వెడల్పాటి రంధ్రాలకు అది. రెండో గేరు 1500 నుంచి 2000 చుట్లు, సన్నటి రంధ్రాలకు. చక్ వెనక అంకెలున్న రింగు క్లచ్. అనుకున్న బలం దాటగానే అది కటకటమని జారి స్క్రూ తల అరగకుండా, చెక్కలోకి మరీ దిగిపోకుండా కాపాడుతుంది. కొత్తవాళ్లు ఆ రింగుని ముట్టుకోరు. చిన్న అంకె దగ్గర మొదలుపెట్టి, స్క్రూ తల చెక్కతో సమానంగా వచ్చేదాకా ఒక్కో అంకె పెంచుకుంటూ వెళ్లండి.

టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. 12 వోల్టుల డ్రిల్ 30 దగ్గర, 18 వోల్టుల చిన్నది 50, 60 దగ్గర, పెద్దది 100 పైన. ఇక్కడ సాఫ్ట్ టార్క్ (చెక్క లాంటి మెత్తటి చోట), హార్డ్ టార్క్ (లోహం లాంటి గట్టి చోట) అని రెండు అంకెలు ఉంటాయి. చెక్కలో పని సాఫ్ట్ అంకెను బట్టే ఉంటుంది, ప్రకటనలో పెద్దగా వేసేది హార్డ్ అంకె. రెండు మెషిన్లను పోల్చేటప్పుడు ఏ అంకెను దేనితో పోలుస్తున్నారో చూసుకోండి. ఇంటికి 50, 60 చాలు. 100 దాటిన డ్రిల్‌లో బిట్ ఎక్కడైనా ఇరుక్కుంటే మెషిన్ మొత్తం తిరిగి మణికట్టును మెలితిప్పుతుంది. పక్క హ్యాండిల్ లేకుండా దాన్ని వాడకూడదు.

హ్యామర్ డ్రిల్, రోటరీ హ్యామర్ ఒకటి కావు. ఈ తేడా తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. కిటికీ పైన కాంక్రీట్ లింటెల్‌లో కర్టెన్ రాడ్ కోసం నాలుగు రంధ్రాలు వేయాలి. హ్యామర్ గుర్తున్న డ్రిల్‌తో ఒక్కో రంధ్రానికి పది నిమిషాలకు పైగా నొక్కాను. బిట్ కొన నీలం రంగుకు తిరిగి మొద్దుబారింది, రెండు బ్యాటరీలు అయిపోయాయి, భుజం పట్టేసింది. మర్నాడు తెలిసినవాళ్ల దగ్గర రోటరీ హ్యామర్ తెచ్చుకుంటే ఒక్కో రంధ్రం అర నిమిషం కూడా పట్టలేదు. హ్యామర్ డ్రిల్‌లో పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ చిన్న చిన్న కుదుపులు ఇస్తాయి. ఇటుకకు అవి చాలు. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలి సుత్తిలా బిట్‌ని కొడుతుంది. దెబ్బ బలాన్ని జౌల్స్‌లో చెబుతారు. ఇంటికి 2 జౌల్స్ దగ్గరిది సరిపోతుంది. దీనికి ఎస్‌డీఎస్ ప్లస్ అనే గాడులున్న బిట్స్ పడతాయి, మామూలు బిట్స్ పట్టవు. మీ గోడలు ఇటుకవైతే హ్యామర్ డ్రిల్ కొనండి. కాంక్రీట్ పని తరచుగా ఉంటే డ్రిల్‌లో హ్యామర్ కోసం వెతక్కుండా రోటరీ హ్యామర్‌నే విడిగా తీసుకోండి.

ఇంపాక్ట్ డ్రైవర్ చూడటానికి చిన్నది, పనిలో పెద్దది. స్క్రూ బిగుసుకుని భారం పెరగగానే లోపలి సుత్తి తిరుగుతూ నిమిషానికి మూడు వేలకు పైగా దెబ్బలు వేస్తుంది. దెబ్బలు తిరిగే దిశలో పడతాయి కాబట్టి మణికట్టు మీద భారం పడదు, బిట్ స్క్రూ తలలోంచి జారిపోవడం కూడా బాగా తగ్గుతుంది. 18 వోల్టులది 150 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా ఇస్తుంది. 6.35 మిల్లీమీటర్ల ఆరు పలకల బిట్స్ వాడాలి, అవి ఇంపాక్ట్ రకానివే కావాలి. మామూలు బిట్ విరిగి ముక్కలు ఎగురుతాయి. క్లచ్ ఉండదు కాబట్టి సున్నితమైన చోట చిన్న స్క్రూలను చిటికెలో పాడు చేస్తుంది. పొడవైన స్క్రూలు చాలా బిగించేవాళ్లకు డ్రిల్ కంటే ఇదే ప్రాణం. చప్పుడు చాలా ఎక్కువ, చెవులకు రక్షణ తప్పదు. కారు చక్రాల నట్ల కోసం చూసేవాళ్లు ఇంపాక్ట్ రెంచ్ కొనాలి. దానికి 12.7 మిల్లీమీటర్ల చతురస్రపు కొన ఉంటుంది, సాకెట్లు దానికి తగులుతాయి.

రంపాల్లో జిగ్‌సా వంపులు కోయడానికి, సర్క్యులర్ సా తిన్నగా కోయడానికి. ప్లైవుడ్ షీట్లు కోసేవాళ్లకు సర్క్యులర్ సా తీసుకొచ్చే మార్పు ఇంకేదీ తేలేదు. 165 మిల్లీమీటర్ల బ్లేడ్ ఉన్నది నిలువుగా దాదాపు 55 మిల్లీమీటర్ల లోతు కోస్తుంది. కంపెనీ బ్లేడ్ నాసిరకంగా ఉంటే మెషిన్‌ని తిట్టకుండా ముందు బ్లేడ్ మార్చండి. మొద్దు బ్లేడ్ బ్యాటరీని తాగేస్తుంది.

గ్రైండర్ విషయంలో మాత్రం నేను గట్టిగా చెప్పాలి. 100 లేదా 125 మిల్లీమీటర్లది ఇంటికి చాలు. స్విచ్ వదలగానే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్ ఉన్నదీ, డిస్క్‌ని వెంటనే ఆపే బ్రేక్ ఉన్నదీ ఎంచుకోండి. డిస్క్ వేగంగా తిరుగుతున్న గ్రైండర్ చేతిలోంచి జారితే ఏం జరుగుతుందో చూసినవాళ్లు ఇంకో మాట మాట్లాడరు. డిస్క్ మీద రాసిన గరిష్ఠ వేగం మెషిన్ వేగం కంటే ఎక్కువుండాలి. డిస్క్‌కి అడ్డుగా ఉండే గార్డ్ తీసి పెద్ద డిస్క్ బిగించడం చాలా వర్క్‌షాపుల్లో చూస్తాం, అది ప్రాణాలతో ఆట. రాయి, ఇనుము కోసే రెసిన్ డిస్కుల మధ్యలోని లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది. అది దాటితే పారేయండి.

శాండర్, మల్టీ టూల్, బ్లోయర్, లైట్ లాంటివి అవసరం పడ్డప్పుడు బేర్ టూల్‌గా కొనుక్కోవచ్చు. వాటిలో లైట్ ఒక్కటే తొందరగా కొనమంటాను. కరెంటు పోయినప్పుడు ఆ బ్యాటరీయే ఇంటికి వెలుగు.

ఏడో అడుగు: చేతిలో పట్టుకుని చూడండి

ఆన్‌లైన్‌లో కొన్నా సరే, ముందు ఒకసారి షాపులో పట్టుకోండి. బ్యాటరీ తగిలించి పట్టుకోవాలి, ఖాళీ మెషిన్ బరువు మోసం చేస్తుంది. చేయి తల పైకి చాపి ఒక నిమిషం ఉంచండి. ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కితే మోటారు అంతే మెల్లగా మొదలవ్వాలి, ఒక్కసారిగా ఎగిరితే స్క్రూ పని కష్టం. చక్‌లో సన్నటి బిట్ బిగించి తిప్పితే కొన వణక్కూడదు. బ్యాటరీని ఒంటి చేత్తో తీసి పెట్టగలగాలి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు సర్క్యులర్ సాలో బ్లేడ్ ఏ వైపు ఉందో, కోసే గీత కనిపిస్తుందో లేదో తప్పకుండా చూసుకోవాలి.

ఎనిమిదో అడుగు: ఏ వరుసలో కొనాలి

డ్రిల్, ఇంపాక్ట్ డ్రైవర్, రెండు బ్యాటరీలు, ఛార్జర్ ఉన్న జంట సెట్ చాలామందికి మంచి మొదలు. ఒక బ్యాటరీ విడిగా ఎంతో, మెషిన్ విడిగా ఎంతో కూడి సెట్ ధరతో పోల్చండి. కొన్ని సెట్లలో మెషిన్ దాదాపు ఉచితంగా వస్తుంది, కొన్నిట్లో మీరు ఎప్పటికీ వాడని నాలుగో మెషిన్‌కి డబ్బు కడతారు. ఆరు మెషిన్ల సెట్ చూసి ఆశపడొద్దు. మొదటి రెండింటితో ఆరు నెలలు పనిచేస్తే మూడోది ఏదో మీ జాబితాయే చెబుతుంది. ఏడాదికి ఒకసారి వాడేదైతే అద్దెకు తెచ్చుకోవడమే మంచిది.

సెకండ్ హ్యాండ్‌లో మెషిన్ కొనొచ్చు, బ్యాటరీ కొనకండి. దాన్ని ఎండలో వదిలేశారో, ఖాళీగా ఏడాది పడేశారో పైకి కనిపించదు.

బ్యాటరీ కొన్నాక

1961లో బ్లాక్ అండ్ డెక్కర్ మొదటి కార్డ్‌లెస్ డ్రిల్ తెచ్చినప్పుడు వాడినవి నికెల్ కాడ్మియం సెల్స్. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఎక్కువగా అవే నడిచాయి. వాటిని పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జ్ పెట్టాలని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ మాట ఇప్పటికీ చాలామంది పాటిస్తున్నారు, లిథియం బ్యాటరీకి అదే హాని. 2005 ప్రాంతంలో లిథియం వచ్చాక ఆ నియమం తిరగబడింది. బలం తగ్గినట్టు అనిపించగానే పని ఆపి ఛార్జ్ పెట్టండి, సగంలో పెట్టినా ఏమీ కాదు.

వేడే దీనికి అసలు శత్రువు. పని ముగిసి ప్యాక్ వేడిగా ఉంటే చల్లారాకే ఛార్జర్‌లో పెట్టండి. గడ్డ కట్టే చలిలో, అంటే 0 డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ చేయకూడదు. ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. నెలల తరబడి వాడరని తెలిస్తే సగం ఛార్జ్‌తో చల్లటి, పొడి చోట మెషిన్ నుంచి తీసి పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి చూసి, తగ్గితే కాస్త ఎక్కించండి. విమానంలో తీసుకెళ్లాల్సి వస్తే విడి బ్యాటరీ చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ దాకా మామూలుగా అనుమతిస్తారు. 18 వోల్టుల 5 ఆంపియర్ అవర్ ప్యాక్ 90తో ఆ హద్దులో ఉంటుంది, 6ది 108 అవుతుంది కాబట్టి ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి. ఉబ్బినా, పగిలినా, నీళ్లలో మునిగినా ఆ ప్యాక్‌ని మళ్లీ ఛార్జ్ చేయకండి. టెర్మినల్స్ మీద టేపు అంటించి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి, చెత్తబుట్టలో వేస్తే మంటలు లేవొచ్చు.

బిట్, బ్లేడ్, డిస్క్ ఏది మార్చినా ముందు బ్యాటరీ తీయండి. వైరు మెషిన్‌కి ప్లగ్ తీసే అలవాటు ఉన్నవాళ్లు కూడా కార్డ్‌లెస్ దగ్గర ఇది మర్చిపోతారు, వైరు కనిపించదు కాబట్టి. రక్షణ కళ్లద్దాలు ప్రతిసారీ పెట్టుకోవాలి. కాంక్రీటు, రాయి దుమ్ముకు మాస్క్ తప్పనిసరి, అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. డ్రిల్ దగ్గర వదులు చేతి తొడుగులు వద్దు, తిరిగే బిట్ ఆ గుడ్డను పట్టుకుంటే వేళ్లను కూడా లాక్కుంటుంది. చొక్కా చేతులు మడిచి, జుట్టు ముడివేసుకుని, కోయబోయే ముక్కను క్లాంప్‌తో బల్లకు బిగించాకే ట్రిగ్గర్ మీద వేలు పెట్టండి.